స్కూల్ కౌన్సెలర్‌గా చేరుతున్నారా? ముందు మీ జాలి, మీ కోపం సంగతి చూసుకోండి

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి మరణం మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థ పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలని అందులో చెప్పింది. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల ప్రకారం పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయొద్దని, అందరి ముందు అవమానించొద్దని కూడా ఆ మార్గదర్శకాల్లో ఉంది. సీబీఎస్ఈ స్కూళ్లకైతే అనుబంధ నియమాల్లో కౌన్సెలర్ నిబంధన అంతకు ముందు నుంచే ఉంది. కాబట్టి నిజామాబాద్‌లోనో బోధన్‌లోనో ఒక స్కూల్ మిమ్మల్ని ఇంటర్వ్యూకి పిలవొచ్చు. లేదా అక్కడే సోషల్ చెప్తున్న మిమ్మల్ని పిలిచి, "కౌన్సెలింగ్ గూడ మీరే చూడుండ్రి మేడం" అనొచ్చు. ఈ రెండు రకాల వాళ్లకూ పనికొచ్చే విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

ఇంటర్వ్యూలో ఎమోషనల్ ఇంటెలిజెన్స్ గురించి అడగడం ఇప్పుడు మామూలైంది. పీటర్ సాలోవే, జాన్ మేయర్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు 1990లో దీని మీద పేపర్ రాశారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకం వచ్చాక అది ఆఫీసులకూ, ట్రైనింగ్ హాళ్లకూ పాకింది. సాలోవే, మేయర్ చెప్పింది నాలుగు సామర్థ్యాల గురించి: భావాన్ని గుర్తుపట్టడం, ఆలోచనకు దాన్ని వాడుకోవడం, అది ఎందుకు వచ్చిందో, ఎటు పోతుందో అర్థం చేసుకోవడం, దాన్ని అదుపులో నడపడం. మనవాళ్లు ఎక్కువమంది ఇంటర్వ్యూలో చెప్పే జవాబు మాత్రం "నాకు పిల్లలంటే ఇష్టం, ఓపిక ఎక్కువ" అని. ఇష్టం, ఓపిక ఉండాల్సిందే. కానీ అవి ఉన్నవాళ్లే ఈ పనిలో ఘోరమైన తప్పులు చేస్తారు. పిల్లాడు నోరు విప్పిన క్షణంలో మనలో జాలో, కోపమో, భయమో లేస్తుంది. అది లేచిందని మనం గమనించం. అది చెప్పినట్టు మాట్లాడేస్తాం, ఫోన్ చేసేస్తాం, మాట ఇచ్చేస్తాం. చదువు తక్కువై జరిగే తప్పుల కన్నా ఇలా జరిగే తప్పులే ఎక్కువ.

జాలితో మొదలుపెడదాం, ఎందుకంటే దాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు.

ఒక కేసు అనుకోండి. తొమ్మిదో తరగతి పిల్లాడు, ఎడపల్లి వైపు నుంచి ఆటోలో బోధన్ స్కూల్‌కు వస్తాడు. నాన్న మస్కట్‌లో డ్రైవర్. పొద్దున ఫస్ట్ పీరియడ్‌లో నిద్రపోతున్నాడు, హోంవర్క్ లేదు, అడిగితే గుర్రుగా చూస్తాడు. క్లాస్ టీచర్ "యాటిట్యూడ్ పెరిగింది" అని రాసి మీ దగ్గరికి పంపాడు. మీరు కూర్చోబెట్టి అడిగారు. "ఏం లేదు మేడం, మంచిగనే ఉన్న" అన్నాడు. నాన్న గల్ఫ్‌లో ఉన్నాడని తెలియగానే మీ గుండె కరిగింది. "మీ నాయిన ఆ ఎండల నీ కోసమే కష్టపడుతుండు గద బిడ్డా, మంచిగ చదువుకోవాలె" అన్నారు. పిల్లాడు తల ఊపాడు. పది నిమిషాల్లో సెషన్ అయిపోయింది. మీకు మంచి పని చేసినట్టు అనిపించింది.

ఆ అనిపించడాన్నే అనుమానించాలి. ఆ మాట వాడికి వాళ్లమ్మ చెప్పింది, నానమ్మ చెప్పింది, ట్యూషన్ సార్ చెప్పాడు. మీరు ఇంకోసారి చెప్పారు. ఈ గదిలో కూడా వేరే మాట మాట్లాడే వీలు లేదని వాడికి అర్థమైంది. ఆ వాక్యం వల్ల తేలికపడింది మీ మనసు. వాడి తలకాయ మీద అప్పు ఒకటి పెరిగింది, అంతే.

అదే సెషన్ వేరుగా నడపొచ్చు. కంటికి కనిపించిన విషయంతో మొదలుపెట్టండి. "ఫస్ట్ పీరియడ్‌ల నిద్ర వస్తుందని సార్ చెప్పిండు. రాత్రి ఎన్నింటికి పండుకుంటున్నవ్?" అని అడిగి ఆగండి. ఆగడం అంటే నిజంగా ఆగడం. పది సెకన్లు గడిస్తే మనకు ఇబ్బందిగా ఉంటుంది, నోట్లోకి ఏదో సలహా వస్తుంది. దాన్ని మింగాలి. "ఫోన్ వచ్చినంక పండుకుంట" అంటాడు. "ఎవరి ఫోన్?" "నాయినది." "ఫోన్ల ఏం మాట్లాడుకుంటరు?" ఇక్కడ నుంచి అసలు సంగతి వస్తుంది. వీసాకు తెచ్చిన అప్పు మీద అమ్మానాన్నలు రోజూ గొడవపడుతుంటే ఫోన్ పట్టుకుని కూర్చునేది వాడే కావచ్చు. ఈ ఏడు కూడా లీవు దొరకలేదని నాన్న చెప్పి ఉండొచ్చు. ఫోనేమీ కాదు, అర్ధరాత్రి దాకా గేమ్ ఆడుతుండొచ్చు కూడా. మూడింటికీ మూడు వేరు దారులు. జాలితో మొదలుపెట్టిన సెషన్‌లో ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి.

తండ్రితో మాట్లాడాల్సి వస్తే సమయం చూసుకోండి. దుబాయి, మస్కట్ మనకంటే గంటన్నర వెనక. సౌదీ, కువైట్, ఖతార్ రెండున్నర గంటలు వెనక. చాలామందికి శుక్రవారం సెలవు. అందుకని శుక్రవారం మధ్యాహ్నం లంచ్ తర్వాత చేసే కాల్ బాగా కుదురుతుంది. స్కూల్ నుంచి ఫోన్ అంటే ఆయనకు రెండే తెలుసు: ఫీజు బాకీ, లేకపోతే కంప్లైంట్. "ఫీజు గురించి కాదన్నా, కొడుకు ఏం తప్పు చేయలే" అని మొదటి వాక్యంలోనే చెప్పండి. అయినా ఆయన కేకలేయొచ్చు. "నేనిక్కడ ఎవలి కోసం సస్తున్న?" అంటాడు. అది మీ మీద కోపం కాదు. దూరంగా ఉన్న తండ్రికి చేతకానితనం కోపంగా బయటపడుతుంది. ఆయన గొంతు దిగేదాకా వినండి. సలహా చెప్పకండి. "మీరు ఫోన్ జేసినప్పుడు వాడు మీతోని ఒక్కడే మాట్లాడుతడా, అందరుంటరా?" లాంటి ఒక్క ప్రశ్న అడగండి. వారంలో ఒక రోజు కొడుకుతో విడిగా ఐదు నిమిషాలు మాట్లాడటానికి ఆయన ఒప్పుకుంటే ఆ కాల్‌కు అంతకన్నా ఫలితం అక్కర్లేదు.

ఈ ప్రాంతంలో తల్లిదండ్రుల భయాలకు చరిత్ర ఉంది, అది తెలియకుండా పేరెంట్స్ మీటింగ్‌లో కూర్చోకూడదు. నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. ఆ నీళ్లతో చెరకు పెరిగింది. 1930ల చివర్లో బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడవడం మొదలైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు. బోధన్ కుటుంబాలకు అది జీతం, క్వార్టరు, బోనసు, పెళ్లి సంబంధంలో గౌరవం. 2002లో ప్రైవేటు భాగస్వామి చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి మూసేశారు. కార్మికులు బకాయిల కోసం ఏళ్ల తరబడి తిరిగారు. ఇప్పుడు పదో తరగతిలో ఉన్న పిల్లాడు అప్పటికి పసివాడు. వాడికి ఆ ఫ్యాక్టరీ సైరన్ గుర్తుండదు. కానీ తాత ఉద్యోగం ఉన్నప్పుడు ఇల్లు ఎలా ఉండేదో, పోయాక ఎలా అయిందో రోజూ వింటూ పెరిగాడు.

అలాంటి ఇంటి తండ్రి మీ ముందు కూర్చుని "ఎంపీసీనే తీసుకోవాలె, వేరే మాట లేదు" అంటాడు. పిల్లాడికి లెక్కలు రావు, బొమ్మలు బాగా గీస్తాడు. సైకాలజీ చదివొచ్చిన కొత్త కౌన్సెలర్ మనసులో ఆయనకు "కఠినమైన తండ్రి" అని ముద్ర వేస్తుంది, ఆ ముద్ర గొంతులో వినపడుతుంది, ఆయన లేచి వెళ్లిపోతాడు. ఆయన పట్టుదల వెనకున్నది ఒకటే: ఉన్న పని ఒక్క నోటీసుతో పోవడం ఆయన కళ్లారా చూశాడు. "పిల్లవాడి ఇష్టాన్ని గౌరవించండి" అన్న మాట ఆయనకు ఎందుకూ పనికిరాదు. "పని దొరకదేమో అన్నదే గద మీ భయం?" అని సూటిగా అడగండి. ఆయన ఒప్పుకుంటాడు. అప్పుడు పాలిసెట్ ఎప్పుడు, ఏ డిప్లొమాకు ఏ పని దొరుకుతుంది, ఐటీఐలో ఏ ట్రేడ్లున్నాయి, ఎంత ఖర్చు అనేది కాగితం మీద రాసి చూపించండి. భయపడే మనిషికి తేదీలు, అంకెలు పట్టు ఇస్తాయి. ఉద్యోగం గ్యారంటీ అని మాత్రం నోరు జారకండి. ఈ ఊళ్లో ఆ మాట విని మోసపోయిన ఇళ్లు చాలా ఉన్నాయి.

కోపం సంగతి జాలికన్నా ప్రమాదం, ఎందుకంటే అది న్యాయంగా అనిపిస్తుంది. నిజామాబాద్‌లో ఒక పదో తరగతి అమ్మాయి అనుకోండి. అమ్మ బీడీలు చుడుతుంది. సాయంత్రం ఆకు కత్తిరించడం, కట్టలు కట్టడం ఈ అమ్మాయి వంతు. సంక్రాంతి తర్వాత హాజరు పడిపోయింది. మీ దగ్గరికొచ్చి "ఎవ్వలకు చెప్పనంటెనే చెప్త మేడం" అంది.

చెప్పనని మాట ఇచ్చారా, అక్కడే ఇరుక్కుంటారు. తర్వాత చెప్పాల్సి వస్తే ఆ పిల్ల జన్మలో ఇంకొకరిని నమ్మదు. చెప్పకపోతే చట్టం ముందు మీరు నిలబడాలి. ప్రతి పిల్లకూ మొదటి సెషన్‌లోనే, ఏ సమస్యా రాకముందే చెప్పాల్సిన మాట ఒకటుంది: "నువ్వు చెప్పింది నా దగ్గరనే ఉంటది. కానీ నీకు గానీ ఇంకొకరికి గానీ దెబ్బ తగిలే సంగతైతే నేనొక్కదాన్నే దాచుకోలేను. ఎవరికి చెప్పాల్నో ముందుగాల నీకు చెప్పే చెప్త." దీన్ని నోటికి వచ్చేదాకా అద్దం ముందు అనుకోండి. గోడ మీద రాసి పెట్టినా మంచిదే.

అమ్మాయి చెప్పింది. సంబంధం కుదిరింది. అబ్బాయి గల్ఫ్‌లో ఉంటాడు, రెండు నెలల సెలవు మీద వచ్చాడు. పరీక్షల కంటే ముందే పెళ్లి. మీకు ఒళ్లు మండింది. తల్లిని స్కూల్‌కు పిలిపించారు. స్టాఫ్ రూమ్‌లో నలుగురు టీచర్ల ముందు కడిగేశారు, పోలీసు కేసు అన్నారు. ఆమె తల వంచుకుని విన్నది. మర్నాడు అమ్మాయి రాలేదు. బార్డర్ దాటి నాందేడ్ జిల్లాలో చిన్నమ్మ ఇంటికి పంపేశారు. పెళ్లి వారం రోజులు ముందుకు జరిగింది. మీ కోపం చేసిన పని అది.

ఈ కేసులో క్రమం ముఖ్యం. మొదట కోపం వచ్చిందని మీకు మీరు ఒప్పుకోండి, దాన్ని పక్కన పెట్టి కాగితం మీద రాయండి: పెళ్లి తేదీ, ఊరు, పిల్ల వయసుకు ఆధారం, ఇంట్లో ఎవరు పట్టుబడుతున్నారు, ఎవరు మెత్తగా ఉన్నారు, ఇంటికి వెళ్తే పిల్లకు దెబ్బలు పడతాయా. పిల్లకు ఏం కావాలో అడగండి. చాలాసార్లు "పెండ్లి వద్దు, కానీ మా అమ్మను జైల్ల పెట్టొద్దు" అంటుంది. అదే రోజు ప్రిన్సిపల్‌కు చెప్పి, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. బాల్య వివాహ నిషేధ అధికారికీ, బాలల సంక్షేమ కమిటీకీ సమాచారం పోవాలి. 2006 బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం మేజిస్ట్రేట్ పెళ్లిని ఆపుతూ ఉత్తర్వు ఇవ్వొచ్చు. పెళ్లి జరిపించిన వాళ్లకు రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది. తేదీ దగ్గర్లో ఉంటే అధికారులకు తెలియకముందు ఇంటివాళ్లకు మీరు ఉప్పందించొద్దు.

తల్లితో మాట్లాడే వంతు మీకు వస్తే, ఆమె భయాన్ని తప్పు అనకుండా వినండి, పెళ్లిని మాత్రం తప్పనే చెప్పండి. ఈ రెండింటినీ విడదీయగలగడమే ఈ పనిలో నేర్పు. మగదిక్కు లేని ఇల్లు, వాడకట్టులో మాటలు, వయసు పెరిగితే కట్నం పెరుగుతుందన్న లెక్క, వెయ్యి బీడీలకు వచ్చే కూలితో నడిచే బతుకు. ఇవన్నీ ఆమె నోటి నుంచి వచ్చాక అప్పుడు మీరు మాట్లాడొచ్చు. పద్దెనిమిది నిండకుండా చేస్తే కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ కింద వచ్చే 1,00,116 రూపాయలు రావు. ఆ మాట ఉపన్యాసం కన్నా ఎక్కువ పని చేస్తుంది, దాన్ని వాడటానికి మొహమాటపడకండి. ఇంటర్ ఉన్న కస్తూర్బా విద్యాలయంలోనో, గురుకులంలోనో సీటు దొరికే దారి ఉంటే ఆ వివరాలు చేతిలో పెట్టుకుని వెళ్లండి. పిల్ల భద్రంగా ఒక చోట ఉంటుందంటే ఆ తల్లి భయం సగం తగ్గుతుంది.

పెళ్లి ఆగాక పని అయిపోయిందనుకునే వాళ్లు ఎక్కువ. ఆ అమ్మాయి మళ్లీ అదే ఇంట్లో పడుకోవాలి. పరువు తీసిందని ఇంట్లోవాళ్లు మాట్లాడరు, వాడకట్టు వాళ్లు గుచ్చుతారు. కనీసం పరీక్షలయ్యేదాకా వారానికోసారి ఆ పిల్లను చూడండి. పేపర్లో వార్త వచ్చిన రోజు అందరూ ఉంటారు, ఆ తర్వాతి బుధవారం ఎవరూ ఉండరు.

ఇక భయం. లైంగిక వేధింపు సంగతి బయటపడినప్పుడు స్కూల్ మొత్తం భయపడుతుంది. "ముందు మనం ఎంక్వైరీ చేద్దాం, స్కూల్ పేరు పోతది" అంటారు. ఆ మాట వినొద్దు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద తెలిసిన వాళ్లెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, సంస్థ నడిపే వాళ్లకు తమ కింద పనిచేసే వాళ్ల విషయంలో ఏడాది దాకా. సదుద్దేశంతో చెప్పిన వాళ్లకు చట్టమే రక్షణ ఇచ్చింది. ఎంక్వైరీ పేరుతో పిల్లను ప్రిన్సిపల్ ఒకసారి, కరస్పాండెంట్ ఒకసారి, పీఈటీ ఒకసారి అడిగితే పిల్ల నలిగిపోతుంది, కేసూ పాడవుతుంది. మీరు వినండి, పిల్ల అన్న మాటలను అన్నట్టే రాయండి, వివరాలు తవ్వకండి. పదిహేడేళ్ల అమ్మాయి "మేం లవ్ చేసుకుంటున్నం" అన్నా పద్దెనిమిది లోపు సమ్మతికి ఈ చట్టంలో చోటు లేదని గుర్తుంచుకోండి. గోప్యతకు హద్దు ముందే చెప్పమన్నది ఇందుకే.

చనిపోవాలనిపిస్తోందన్న మాట విన్నప్పుడు మన భయం పిల్లకు వెంటనే తెలిసిపోతుంది. "ఛ, అట్ల అనొద్దు, తప్పు" అంటాం, ఒట్టు వేయించుకుంటాం. పిల్ల నోరు మూసుకుంటుంది, మనం సమస్య తీరిందనుకుంటాం. అనుమానం వస్తే సూటిగా అడగండి: "చనిపోవాలని అనిపిస్తుందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది నిజం కాదు. అడిగినందుకు చాలామంది పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు. అవునంటే గొంతు మార్చకుండా వినండి, ఆ పిల్లను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకండి. తల్లిదండ్రులను పిలిపించి మీ ముందే చేతికి అప్పగించండి. అదే రోజు మానసిక వైద్యుడికి చూపించాలి. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ హాస్పిటల్ మెడికల్ కాలేజీకి అనుబంధం, అక్కడి సైకియాట్రీ విభాగానికి పంపండి. టెలి మానస్ 14416 రాత్రింబవళ్లు పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు ప్రతి పిల్ల నోటుబుక్కు మీద ఉండాలి. బోధన్ నుంచి నిజామాబాద్ రావడమంటే ఆ ఇంటికి ఒక రోజు కూలి పోవడమని తెలుసుకుని, ఏ కౌంటర్, ఏ గది, ఎవరిని అడగాలి అనేది రాసి ఇవ్వండి. వీలైతే మొదటిసారి స్కూల్ నుంచి ఒకరు వెంట వెళ్లాలి. ఫలితాలొచ్చే రోజు సెలవు పెట్టకండి. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లినప్పుడు తెలంగాణలో ఎన్ని ఇళ్లు ఏడ్చాయో మనందరికీ గుర్తుంది. ఆ రోజు ఫోన్ దగ్గర ఉండాల్సిన మనిషి మీరే. ఎవరికి ముందు ఫోన్ చేయాలో ఆ పేర్ల జాబితా వారం ముందే సిద్ధం చేసుకోండి.

మేనేజ్‌మెంట్‌తో వచ్చే భయం రోజువారీది. ప్రిన్సిపల్ పిలిచి "ఈ నెల మీ దగ్గరికి ఎవరెవరొచ్చారు, సెక్షన్ వారీగా లిస్టు ఇవ్వండి" అంటారు. ఉద్యోగం పోతుందని పేర్లు రాసి ఇచ్చేస్తారు. సాయంత్రానికి స్టాఫ్ రూమ్‌లో ఆ పిల్లల కథలు నడుస్తాయి. కోపంగా "ఇవ్వను" అన్నా కుదరదు. ఆయన అడిగేది మీ పని కనిపించాలని. కాబట్టి కనిపించేలా ఇవ్వండి: ఎంతమంది, ఏ తరగతులు, హాజరుకు సంబంధించినవి ఎన్ని, ఇంటి సమస్యలు ఎన్ని, పరీక్ష భయం ఎన్ని, బయటికి పంపినవి ఎన్ని. పేర్లు లేకుండా. నెల నెలా అడగకముందే ఈ ఒక పేజీ టేబుల్ మీద పెడితే పేర్ల కోసం అడగడం తగ్గుతుంది, ఇంక్రిమెంట్ మాట్లాడేటప్పుడు మీ చేతిలో కాగితమూ ఉంటుంది.

అడ్మిషన్ల సీజన్‌లో ఇంటింటికీ తిరగమని, ఫీజు బాకీలకు ఫోన్ చేయమని కౌన్సెలర్‌కే చెప్పడం చాలా చోట్ల అలవాటు. జూన్‌లో ఫీజు కోసం మీరు తలుపు తట్టిన ఇంటి తల్లి, డిసెంబరులో కూతురి సంగతి మీకు చెప్పదు. ఈ కారణం మేనేజ్‌మెంట్‌కు అర్థమయ్యే భాషలో చెప్పండి. పిల్ల మధ్యలో మానేస్తే స్కూల్‌కు ఎంత నష్టమో లెక్క కట్టి చూపిస్తే వింటారు.

తోటి టీచర్ల విషయం. ఒక్కో సెక్షన్‌లో నలభై, యాభై మందిని పట్టుకుని సిలబస్ పూర్తి చేయాల్సిన మనిషి "వాడు అటెన్షన్ కోసం నాటకాలాడుతుండు" అంటే అది అలసట. ఆయనకు క్లాస్ పీకకండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించిందని చెప్పాల్సి వస్తే విడిగా, ఒకసారి చెప్పండి. మిగతా రోజుల్లో ఒక చిన్న పని అడగండి: ముందు బెంచీలో కూర్చోబెట్టండి సార్, ఈ వారం బోర్డు దగ్గరికి పిలవకండి సార్. చేస్తే మర్నాడు వెళ్లి చేసినందుకు వచ్చిన ఫలితం ఒక్క వాక్యంలో చెప్పండి.

బోధన్‌లో పని చేసేవాళ్లకు భాష కూడా పనిముట్టే. ఉర్దూ మాట్లాడే పిల్లలు, మరాఠీ ఇళ్ల పిల్లలు, తండాల నుంచి వచ్చేవాళ్లు ఒకే తరగతిలో ఉంటారు. పిల్లలు "నేను డిప్రెషన్‌లో ఉన్నాను" అనరు. కడుపుల నొస్తుందంటారు, రంది అయితుందంటారు, బుగులు అంటారు, బేజార్ అంటారు. కేస్ నోట్‌లో మీ మాట పెట్టకుండా వాళ్ల మాటే రాయండి. మీ అభిప్రాయం పక్క కాలమ్‌లో విడిగా ఉండాలి. రేపు కోర్టు అడిగితే ఈ తేడా మిమ్మల్ని కాపాడుతుంది. భాష రాకపోతే సాయానికి ఒక పెద్ద మనిషిని పిలవండి. ఆ పిల్ల బంధువును మాత్రం వద్దు, తోటి పిల్లలను అసలే వద్దు.

ఇన్ని భావాలను గుర్తుపట్టమంటున్నానంటే వాటిని నొక్కిపెట్టి రాయిలా కూర్చోమని కాదు. స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ గ్రాస్ బృందం చేసిన ప్రయోగాల్లో ఒకటి తేలింది. భావం మొహంలో కనబడకుండా అణిచిపెట్టుకున్న వాళ్లకు ఆ సమయంలో విన్న వివరాలు సరిగ్గా గుర్తుండటం లేదు. కౌన్సెలర్‌కు అది పెద్ద నష్టం. ఏడుపు ఆపుకునే ప్రయత్నంలో పిల్ల చెప్పిన తేదీ మీ చెవి దాటిపోతుంది. అణచకుండా, దాని వెంట పోకుండా, "నాకిప్పుడు కోపమొచ్చింది" అని లోపల పేరు పెట్టి మళ్లీ వినడంలోకి రావడమే సాధన చేయాల్సింది. ఇద్దరు పిల్లల మధ్య ఐదు నిమిషాలు వదులుకోండి. మంచినీళ్లు తాగండి, మీకు ఏమనిపించిందో సొంత డైరీలో ఒక లైన్ రాసుకోండి. అది స్కూల్ రికార్డులోకి రాకూడదు. నెలకోసారి ఇంకో స్కూల్ కౌన్సెలర్‌తో పేర్లు లేకుండా కేసులు మాట్లాడుకోండి. నిజామాబాద్ లాంటి ఊళ్లో మనవాళ్లు కొద్దిమందే, వెతికి పట్టుకోవాలి. ఈ పని రెండు మూడేళ్లలో మనిషిని ఎండగడుతుంది, ఒంటరిగా చేసేవాళ్లను ఇంకా త్వరగా.

ఎదగాలనుకునే వాళ్లకు ఎన్‌సీఈఆర్‌టీ నడిపే గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా ఉంది. ఉద్యోగం చేస్తున్న టీచర్లకు అది బాగా పనికొస్తుంది. క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవాలంటే మాత్రం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. అది లేకుండా జబ్బు పేరు చెప్పకండి, పరీక్షలు పెట్టి రిపోర్టులు రాయకండి. తల్లిదండ్రులు గట్టిగా అడిగినా సరే.

చేరే ముందు ఆఫర్ లెటర్‌లో నాలుగైదు విషయాలు రాయించుకోండి. గది ప్రిన్సిపల్ రూమ్ పక్కన ఉండకూడదు, లోపలి మాట బయటికి వినపడకూడదు, తలుపుకు అద్దం ఉండాలి. అద్దం పిల్లలకూ రక్షణ, మీకూ రక్షణ. రికార్డులు మీ దగ్గరే ఉంటాయని, పేర్లు లేని నెలవారీ రిపోర్టు ఇస్తారని ఉండాలి. పోలీసులకు, 1098కి సమాచారం ఇవ్వడానికి మీకు ఎవరి అనుమతీ అవసరం లేదని, ఇచ్చాక ప్రిన్సిపల్‌కు తెలియజేస్తారని ఉండాలి. అడ్మిషన్, ఫీజు పనులు మీవి కావని ఉండాలి. కౌన్సెలింగ్ కోసం స్కూల్ ఇచ్చే ఫోన్ నంబరు వేరు, మీ సొంత నంబరు వేరు. టీచర్‌గా ఉంటూ ఈ బాధ్యత తీసుకునే వాళ్లయితే వారానికి ఎన్ని పీరియడ్లు తగ్గిస్తారో అంకెలో రాయించుకోండి. నోటి మాట మీద ఒప్పుకుంటే దసరా సెలవులు అయ్యేసరికి ఆ పీరియడ్లన్నీ సబ్‌స్టిట్యూషన్‌కు పోతాయి.